ముందు బ్యాండు చూసుకోండి, తర్వాతే గిటార్

సంపాదకులకు నమస్కారం.

నేను కావలిలో ఉంటాను. పగలు ఎలక్ట్రికల్ సామాన్ల షాపులో పని, పెళ్ళిళ్ళ సీజన్లో రాత్రిళ్ళు బేస్ గిటార్, అంటే పాటకి అడుగు స్వరాలు పట్టే లావు తీగల గిటార్, అవసరాన్ని బట్టి లీడ్ గిటార్ కూడా. పదిహేనేళ్ళుగా అటు ఒంగోలు, ఇటు నెల్లూరు, మధ్యలో సింగరాయకొండ, కందుకూరు, ఎవరు పిలిస్తే అక్కడికెళ్ళి వాయిస్తున్నాను. పోయిన ఆదివారం మా వీధిలో ఆటో నడిపే ఒకాయన ఇంటికొచ్చాడు. కొడుక్కి ఇంటర్ అయిపోయింది, గిటార్ కావాలని పట్టుబట్టాడు, ఈయన చీటీ పాడి 40 వేలు సిద్ధం చేసుకున్నాడు. "ఏది కొనమంటావో నువ్వే చెప్పన్నా, మంచి గిటార్ ఉంటే ఏదో ఒక బ్యాండులో తీసుకుంటారంట కదా" అన్నాడు. ఆ మాట ఆయన ఒక్కడిదే కాదు, చాలామంది పిల్లలూ తల్లిదండ్రులూ అదే నమ్ముతున్నారు, అందుకే ఈ ఉత్తరం.

ఆ నమ్మకం తప్పు. ముందు ఎవరితో వాయిస్తారో చూసుకోండి, వాళ్ళ దగ్గర ఏది లేదో తెలుసుకోండి, అప్పుడు డబ్బులు తీయండి.

నేను తలకిందులుగా మొదలుపెట్టాను. చెన్నై వెళ్ళి మౌంట్ రోడ్డులో 18 వేలు పోసి ఎర్రటి ఎలక్ట్రిక్ గిటార్ తెచ్చుకున్నాను. ఏడాది పాటు అది మా మేడ దాటి బయటికి పోలేదు. చర్చికి వెళ్తే అప్పటికే ముగ్గురు గిటారిస్టులున్నారు, ఆర్కెస్ట్రాలో ఇద్దరున్నారు, కాలేజీ కుర్రాళ్ళ బ్యాండు అని వెళ్తే అందరూ గిటారిస్టులే. బేస్ వాయించేవాడు మాత్రం ఎక్కడా లేడు. చివరికి ఒంగోలులో సౌండ్ సిస్టం అద్దెకిచ్చే ఒక పెద్దాయన నన్ను కూర్చోబెట్టి, "నువ్వు బేస్ పట్టుకో అబ్బయ్యా, నెలకి నాలుగు ప్రోగ్రాములు నేను చెప్తా" అన్నాడు. గిటార్ అమ్మేసి 9 వేలకి ఒక సెకండ్ హ్యాండ్ బేస్ కొన్నాను. ఆయన మాట నిలబెట్టుకున్నాడు, ఇప్పటికీ నాకొచ్చే ఫోన్లలో సగం ఆయన చెప్పగా వచ్చేవే.

బ్యాండు ఎక్కడ దొరుకుతుందని అడిగే పిల్లలకి నేను చెప్పేది ఇదే, సౌండ్ వాళ్ళ షాపుకి వెళ్ళండి. జిల్లాలో ఏ ఊళ్ళో ఎవరి ఆర్కెస్ట్రా పాడుతోంది, ఎవరు టైముకి వస్తారు, ఏ కీబోర్డ్ ప్లేయర్ పక్కన గిటార్ మనిషి మానేశాడు, అన్నీ వాళ్ళకి తెలుసు. ఒక నెల రోజులు వైర్లు చుట్టడానికి సాయం వెళ్ళినా చాలు, ఏదో ఒక రోజు ఎవరో ఒకరు రాక స్టేజి మీద మనిషి తక్కువవుతాడు, అప్పుడు మీరు అక్కడ ఉండాలి. ఇంకోటి చర్చి. ఒంగోలు, నెల్లూరు వైపు గిటార్, బేస్ వాయించేవాళ్ళలో ఎక్కువమంది నాకు తెలిసి ఆదివారం ఆరాధనలో నేర్చుకున్నవాళ్ళే. ప్రతి వారం కచ్చితంగా నలుగురితో కలిసి వాయించే చోటు అంతకన్నా లేదు. క్రిస్మస్ నెలలో ఆ పిల్లలకి తీరిక ఉండదు. ఆషాఢం, మూఢం వచ్చి పెళ్ళిళ్ళు ఆగినప్పుడు మిగతావాళ్ళందరికీ తీరికే, కొత్త పాటలు ప్రాక్టీసు చేయడానికి, కొత్తవాళ్ళని కలుపుకోవడానికి అదే సమయం.

ఇక బేస్ ప్లేయర్ ఎందుకు లేడంటే, మన చిన్న ఆర్కెస్ట్రాల్లో ఆ పని కీబోర్డ్ అన్న ఎడమచెయ్యి చేస్తోంది. "ఇంకో మనిషికి డబ్బులెందుకు, ఎడమచేత్తో లాగేస్తాడు" అంటారు నిర్వాహకులు. అసలు బేస్ పక్కన చేరితే ఆ కీబోర్డ్ అన్న రెండు చేతులూ పాటకి దొరుకుతాయి, తబలా కుర్రాడికీ ప్యాడ్స్ (ఎలక్ట్రానిక్ డ్రమ్ములు) కుర్రాడికీ ఆనుకోవడానికి గోడ దొరుకుతుంది. ఒక్కసారి విన్న నిర్వాహకుడు రెండోసారి తనే పిలుస్తాడు, నా అనుభవం ఇది.

అయితే ఆ ఎడమచెయ్యికి అలవాటైన చెవులకి తగ్గట్టు వాయిద్యం ఎంచుకోవాలి. 1951లో అమెరికాలో గిటార్లు తయారుచేసే లియో ఫెండర్ ప్రెసిషన్ బేస్ అనే ఎలక్ట్రిక్ బేస్ తెచ్చినప్పుడు దానికి 4 తీగలు, అడుగు తీగ ఇ స్వరం, అంటే సెకనుకి సుమారు 41 కంపనాలు. ఇప్పటికీ 4 తీగల బేస్ మామూలు ట్యూనింగ్‌లో అక్కడే ఆగుతుంది. మన గాయకులేమో డి అంటారు, సి షార్ప్ అంటారు, ఆ శ్రుతిలో అడుగు షడ్జం కావాలంటే ఇ కంటే కిందికి దిగాలి. కీబోర్డ్ దిగుతుంది, 4 తీగల బేస్ దిగదు. అందుకే సినిమా పాటల ఆర్కెస్ట్రాలో వాయించాలనుకునేవాళ్ళకి 5 తీగలది కొనమని చెప్తాను, అడుగున ఇ కంటే కిందికి దిగే బి తీగ ఉంటుంది. చర్చిలోనే వాయించేవాళ్ళకి, ఇప్పుడే నేర్చుకునేవాళ్ళకి 4 తీగలు చాలు, మెడ సన్నగా ఉంటుంది, చెయ్యి త్వరగా తిరుగుతుంది. చూశారా, బ్యాండు ఏదో తెలియకుండా తీగలెన్నో కూడా చెప్పలేం.

ఆంప్, అంటే గిటార్ శబ్దం పెంచే స్పీకర్ పెట్టె, కొనడానికి తొందరపడొద్దు. మన దగ్గర ప్రోగ్రాముల్లో అంతా సౌండ్ మనిషి దగ్గరుండే మిక్సర్లోంచే పోతుంది. దాని బదులు ఒక డీఐ బాక్స్ కొనండి, గిటార్ కేబుల్‌ని మిక్సర్‌కి పోయే మైకు కేబుల్‌తో కలిపే, అరచేతిలో పట్టే ఇనప డబ్బా. గిటార్ కేబుల్ ఐదారు మీటర్లు దాటితే గరగర పట్టుకుంటుంది, పై స్వరాల మెరుపు తగ్గుతుంది. డీఐ బాక్స్ పెడితే అక్కడినుంచి మైకు కేబుల్ ఎంత పొడుగున్నా ఇబ్బంది లేదు. షామియానా కింద జనరేటర్ మీద నడిచే స్టేజీల్లో ఎర్తింగ్ సరిగ్గా లేక ఝుమ్మని మోత వస్తుంటుంది, డబ్బా మీద గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ నొక్కితే చాలాసార్లు అక్కడికక్కడే ఆగిపోతుంది. కానీ వాయిద్యం తాకితే షాక్ కొడుతుంటే మాత్రం ఏ స్విచ్చూ నొక్కకండి, పక్కన పెట్టేసి సౌండ్ మనిషిని పిలవండి. ఎలక్ట్రికల్ షాపులో పనిచేసేవాడిగా ఇది గట్టిగా చెప్తున్నాను.

లీడ్ గిటార్ పిల్లలకి ఒక్కటే. మల్టీ ఎఫెక్ట్స్ పెడల్లో క్యాబినెట్ సిమ్యులేషన్ (గిటార్ స్పీకర్ పెట్టెలోంచి వచ్చినట్టు శబ్దాన్ని మార్చేది) ఆన్ చేయకుండా డిస్టార్షన్, అంటే గరుకు శబ్దం, నేరుగా మిక్సర్లోకి పంపితే తుమ్మెదల గుంపు తిరిగినట్టుంటుంది, సౌండ్ మనిషి మిక్సర్లో మీ శబ్దం తగ్గించేస్తాడు, ఆ రాత్రికి మీరు లేనట్టే.

బ్యాటరీ సంగతి కూడా చెప్పాలి. జలదంకి దగ్గర ఒక రిసెప్షన్. నాది యాక్టివ్ బేస్, లోపల 9 వోల్టుల బ్యాటరీ ఉంటుంది, కేబుల్ గుచ్చి ఉంచినంతసేపూ అది ఖర్చవుతూనే ఉంటుంది. సాయంత్రం ఐదింటికి సౌండ్ చెక్ చేసి కేబుల్ పీకకుండా స్టాండ్ మీద పెట్టేశాను. తొమ్మిదింటికి పాటలు మొదలయ్యాయి. మూడో పాటలో బేస్ చిరిగిన స్పీకర్ లాగా గీరుకుంది, పల్లవి తిరిగేలోపు సన్నబడి సన్నబడి పోయింది. కీబోర్డ్ అన్న నా ముఖం చూశాడు, ఏం మాట్లాడకుండా ఎడమచెయ్యి కిందికి దించి పాట లాగేశాడు. చుట్టుపక్కల షాపుల్లో గడియారం బ్యాటరీలే ఉన్నాయి. ఆఖరికి సౌండ్ మనిషి కార్డ్‌లెస్ మైకు విప్పి అందులోని 9 వోల్టుల బ్యాటరీ తీసి నా చేతిలో పెట్టాడు. ప్యాడ్స్ కుర్రాడి స్క్రూడ్రైవర్‌తో బేస్ వెనక మూత విప్పుతుంటే చేతులు వణికాయి. అప్పటినుంచి కవర్ జేబులో రెండు కొత్త బ్యాటరీలు, ఒక స్క్రూడ్రైవర్, ఒక స్పేర్ కేబుల్, తీగలు తుడవడానికి పాత పంచె ముక్క ఉంటాయి. ఆ గుడ్డ మర్చిపోవద్దు, మన కోస్తా గాలికి, చెమటకి తీగలు వారాల్లో తుప్పు పడతాయి. మైపాడు బీచ్‌లోనో కొత్తపట్నంలోనో వాయించి వచ్చిన రాత్రి నిద్రొస్తున్నా తుడిచే పడుకోండి.

బ్యాండులో నిలబడటానికి ఇంకో సంగతి. కీబోర్డ్ వాళ్ళు శ్రుతి మార్చే ట్రాన్స్‌పోజ్ బటన్ నొక్కి తమకి అలవాటైన సి మీదే వాయిస్తారు, బయటికి మాత్రం డి షార్ప్ వినబడుతుంది. వాళ్ళ వేళ్ళు చూసి పట్టుకున్న గిటారిస్టు స్టేజి మీద నలుగురి ముందు తప్పు పలుకుతాడు. ప్రతి పాటకీ ముందు "అన్నా, ట్రాన్స్‌పోజ్ ఎంత?" అని అడగండి, నోటు పుస్తకంలో గాయకుడి పేరు పక్కన శ్రుతి రాసుకోండి. నాకు మళ్ళీ మళ్ళీ పిలుపులు వచ్చింది ఆ పుస్తకం వల్లే.

ఇప్పుడు మీకు నా విన్నపం. మీ జిల్లా పేజీలో సంగీత విభావరి వార్తలు వస్తుంటాయి. పాడినవాళ్ళ పేర్లు, సన్మానం చేసినవాళ్ళ పేర్లు, జ్యోతి వెలిగించినవాళ్ళ పేర్లు వేస్తారు. కింద ఒక్క లైన్, కీబోర్డ్ ఫలానా, తబలా ఫలానా, బేస్ ఫలానా అని వేయండి. మన నెల్లూరు మనిషని మనం చెప్పుకునే గాయకుడు ఎస్పీ బాలు గారు తొలిరోజుల్లో మద్రాసులో నడిపిన బృందంలో హార్మోనియం, గిటార్ వాయించింది ఇళయరాజా గారు, పక్కన ఆయన తమ్ముడు గంగై అమరన్ గారు. వెనక వరసలో కూర్చున్నవాళ్ళకీ పేరుంటుంది. ఆ ఒక్క లైన్ చదివి కందుకూరులో గిటార్ పట్టుకుని ఒంటరిగా కూర్చున్న పిల్లవాడికి ఎవరిని వెతుక్కుంటూ వెళ్ళాలో తెలుస్తుంది, ఒక ఆర్కెస్ట్రా వాళ్ళకి ఒక బేస్ ప్లేయర్ దొరుకుతాడు. మీకు అయ్యే ఖర్చు అర సెంటీమీటర్ చోటు.

ఆటో ఆయన డబ్బులు ఇంకా ఆయన దగ్గరే ఉన్నాయి. శనివారం సాయంత్రం కుర్రాణ్ణి మా ప్రాక్టీసుకి తీసుకురమ్మన్నాను. నా పాత 4 తీగల బేస్ చేతికిస్తాను, ఒక పాటలో ఒకే స్వరం మీద నిలబడమంటాను, వాడి ముఖం చూశాక ఏం కొనాలో వాళ్ళ నాన్నకి చెప్తాను.

ఇట్లు,
ఒక బేస్ గిటార్ వాద్యకారుడు,
కావలి, నెల్లూరు జిల్లా.