ఆడ మొగలిని కూడా బతకనివ్వండి

సంపాదకులు గారికి నమస్కారం.

గంజాం జిల్లా ఛత్రపూర్ దగ్గర ఒక మొగలి అత్తరు బట్టీలో ఇరవై రెండేళ్లు లెక్కలు రాసి, ఇప్పుడు బరంపురంలో ఉంటున్నాను. ఈ ఆషాఢంలో ఊరికి వెళ్తే, గెడ్డ (వాగు) వెడల్పు చేసే పనికి గట్టు మీద పొక్లెయిన్ నడుస్తోంది. మా తాతల నాటి మొగలి పొదలు వేళ్లతో సహా కుప్ప పడి ఉన్నాయి. అడిగితే మేస్త్రీ, "అన్నీ ఆడవే బాబూ, పైసా రాదు. మగవి వదిలేశాం" అన్నాడు, నాకేదో మేలు చేసినట్టు.

మొగలిలో ఆడ చెట్టు వేరు, మగ చెట్టు వేరు. వాసనంతా మగ పువ్వుదే. ఆడదానికి అనాసపండు లాంటి కాయ కాస్తుంది. మా బట్టీకి పూలు తెల్లవారకముందే కోసి సైకిళ్ల మీద తెచ్చేవారు. తూకం ఉండదు, లెక్కే. ఎండెక్కితే వాసన పోతుంది, రేటూ పోతుంది. డేగు అనే పెద్ద రాగి పాత్రలో పూలూ నీళ్లూ పోసి, మూత చుట్టూ మట్టి మెత్తి, వెదురు గొట్టంలోంచి ఆవిరిని గంధం నూనెలోకి పట్టేవాళ్లం. ఇంటికొచ్చాక కూడా నా చొక్కా వాసనే వేసేది. దేశంలో మొగలి అత్తరు ఎక్కువ భాగం ఈ ఒక్క జిల్లాదే. దానికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది.

మొక్క మాత్రం మనకొక్కరికే సొంతం కాదు. శ్రీకాకుళం తీరంలో ఉంది, శ్రీలంకలో ఉంది, పసిఫిక్ దీవుల దాకా ఉంది. అందుకే అంతరించిపోతుందన్న టెన్షన్ ఎవరికీ లేదు. ఎక్కడో ఉంటే మా గెడ్డకి ఒరిగేదేమిటి? కొత్తగా నాటేవాళ్లు మగ చెట్టు పిలకలే తెచ్చి నాటుతారు. కాయ లేదు కనుక విత్తనమూ లేదు. ఒకే చెట్టుకి పుట్టిన పిలకలన్నీ ఒకే రకం. ఏదైనా తెగులొస్తే అన్నీ ఒకేసారి పోవచ్చు.

2013 అక్టోబరులో ఫైలిన్ తుఫాను వచ్చినప్పుడు మా గట్టు మొగలి లేని చోటే తెగింది. ఊడల్లాంటి ఆ వేళ్లకి ఆడా మగా తేడా లేదు. ఆకుతో చాప అల్లడానికీ ఆ తేడా లేదు. (శివుడికి పనికిరాదన్న పువ్వు మా అమ్మ జడకి మాత్రం బాగా పనికొచ్చింది.)

గెడ్డ వెడల్పు చేయొద్దనడం లేదు. ఒక గట్టునైనా పొదలు వదలండి, కాయ ఉన్నవాటితో సహా. కుప్పలోంచి మూడు పిలకలు తెచ్చి పెరట్లో పెట్టాను. పనైపోయాక అధికారులు గట్టు మీద చోటు చూపిస్తే నేనే తీసుకెళ్లి నాటుతాను.

– ఒక పాఠకుడు, బరంపురం