మా తమ్ముడికి మళ్ళీ మాట తెప్పించిన దంపతులకు కృతజ్ఞతలు

చిత్తూరు జిల్లాలోని ఒక జైలులో పదకొండు నెలలు రిమాండు ఖైదీగా ఉండి, పోయిన నెల బెయిలుపై ఇల్లు చేరిన మా తమ్ముడి తరఫున, తిరుపతిలో ఉంటున్న ఒక విశ్రాంత పశువైద్యులకూ వారి సతీమణికీ ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. పేర్లు వద్దని వారే కోరారు.

నాలుగో నెలకల్లా తమ్ముడు ములాఖత్‌లో నోరు విప్పడం మానేశాడు. బెయిలు, వకీలు ఫీజు, అమ్మ ఆరోగ్యం తప్ప మాకూ వేరే మాట ఉండేది కాదు. వాడు తల ఊపి లోపలికి వెళ్లిపోయేవాడు. జైలు డాక్టరు గారి మాత్రలతో నిద్ర పట్టింది గానీ మాట రాలేదు. అప్పుడే ఈ దంపతులు అధికారుల అనుమతితో ప్రతి గురువారం తమ నాటుకుక్కను తీసుకురాసాగారు. ఒకనాడు వాడే ముందుగా, "అక్కా, దానికి ఒక చెవి సగం తెగిపోయిండాది, అయినా పిలిస్తే ఎంత బాగా ఇంటాదో!" అన్నాడు. ఆవుల మధ్య పెరిగినవాడికి ఇన్నాళ్లు ఏ జీవాన్నీ నిమరకుండా ఉండడం వేరే శిక్ష అని మాకెవరికీ తట్టనే లేదు.

కుక్కకు రేబిస్ టీకా, నులిపురుగుల మందు తప్పకుండా వేయించి, గోళ్లు కత్తిరించి తెచ్చేవారు. భయపడేవారిని దగ్గరికి రమ్మనేవారు కారు. అది పదేపదే ఆవులించినా, మూతి నాక్కున్నా, తోక ముడిచినా అలసిందని గ్రహించి, ఇంకెందరు ఎదురుచూస్తున్నా ఆపేసేవారు.

ఈ ఆలోచన ఎలా వచ్చిందని గేటు బయట అడిగితే ఈ పశువుల డాక్టరు గారు ఒక సంగతి చెప్పారు. 1975లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో, నేరం చేసిన మానసిక రోగులను ఉంచే లైమా ఆసుపత్రిలో, ఎవరితోనూ కలవని రోగులు గాయపడిన పిచ్చుకను దాచి, పురుగులు పట్టి తెచ్చి బతికించారట. అది గమనించిన సిబ్బంది ఒక వార్డులో జంతువులను పెంచనిస్తే, అక్కడ మందుల వాడకం సగానికి తగ్గి, కొట్లాటలూ తగ్గాయట. అయినా కుక్క వచ్చిందని మాత్రలు మానవద్దని తమ్ముడికి గట్టిగా చెప్పినవారూ ఆయనే.

కుక్కలంటే తనకే భయమైనా, ప్రతి గురువారం గోడకు ఆనుకుని నిలబడి గేటు తెరిచిన వార్డరు గారికి కూడా నా నమస్కారాలు.

డాక్టరు గారూ, అమ్మా, మా ఆవు ఈనింది. జున్నుపాలు తీసుకుని తమ్ముడు రేపు పొద్దుటి బస్సుకు తిరుపతి వస్తున్నాడు, కాదనవద్దు. చెవి తెగినదానికి ఎంత పెట్టాలో వైద్యులు గనుక మీరే నిర్ణయించండి.