గంజాయి పూతకి ఒకే లెక్క ఉండదండీ

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ జిల్లా పేజీలో గంజాయి మీద వేసిన కథనంలో విత్తిన 90 రోజులకి మొక్క పూతకొస్తుందని తేల్చేశారు. ఏ రకం, ఎక్కడ, ఏ నెలలో విత్తితే? ఇక్కడ గోదావరి జిల్లాల్లో రైతెవరైనా ముందు అడిగేది అదే, ఎందుకంటే స్వర్ణ కోతకి రావడానికి ఇంచుమించు 150 రోజులు పడుతుంది, ఎంటీయూ 1010 అయితే 120 రోజులకే కోసేస్తాం, రెండూ వరే, రెండూ మన మార్టేరు వరి పరిశోధనా కేంద్రంలో పుట్టినవే.

గంజాయి విషయంలో రోజుల కన్నా రాత్రి పొడవు ముఖ్యం. పగలు తగ్గి రాత్రి పెరిగితేనే పూసే జాతి అది, ఎంత పెరిగితే పూత మొదలవుతుందన్నది రకాన్ని బట్టి ఉంటుంది. భూమధ్యరేఖ దగ్గరి రకాలకి ఏ తొందరా ఉండదు, ఆలస్యంగా మొదలుపెట్టి నెలల తరబడి పూస్తాయి. హిందూకుష్ కొండల రకాలు చలి ముదిరేలోగా పని ముగించేస్తాయి. 1924లో జనిషెవ్‌స్కీ అనే రష్యన్ శాస్త్రవేత్త రుడెరాలిస్ అని పేరు పెట్టిన రకమైతే పగలూ రాత్రీ చూసుకోదు, వయసొస్తే చాలు పూసేస్తుంది. ఇక నార కోసం ఉత్తర యూరప్‌లో వేసే రకాలకి అక్కడ వేసవిలో 16 గంటల పైన పగలు దొరుకుతుంది, మన డెల్టాలో జూన్‌లో కూడా 13 గంటలకి కాస్త అటూఇటే కాబట్టి అవి ఇక్కడ సరిగ్గా ఎదగకముందే పూతకొచ్చేస్తాయి, అలాంటి మొక్కలో నార ఏముంటుంది! పైగా ఒకే రకంలో కూడా మగమొక్కలు ముందు పూసి ముందే ఎండిపోతాయి.

ఇదంతా మనకి కొత్తేం కాదు. వరికోతల ముందు చేలో చల్లిన జనుము తొందరగా పూస్తుంది, అదే పచ్చిరొట్టకని ఎండాకాలం చివర్లో చల్లితే ముందు ఏపుగా ఎదుగుతుంది, పూత సంగతి తర్వాత. పాలీహౌసుల్లో చామంతి వేసేవాళ్లు రాత్రిపూట లైట్లు వెలిగించి పూతని ఆపేదీ ఇందుకే.

అసలు టెన్షన్ పెట్టింది ఇంకో వాక్యం. పూత రాని మొక్కలు కాబట్టి కేసు నిలవదని ఎవరో అన్నట్టు వేశారు. 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం, అంటే మత్తుమందుల నియంత్రణ చట్టం ప్రకారం గంజాయి అంటే పూత, కాయ ఉన్న కొసలే, విడిగా ఉన్న ఆకులూ గింజలూ అందులోకి రావు, అంతవరకూ నిజమే. కానీ అనుమతి లేకుండా ఆ మొక్కని సాగు చేయడమే వేరే నేరం, పదేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా. పూసిందా లేదా అన్నది అక్కడ లెక్కలోకి రాదు. "ఇంకా పూత రాలేదు కదా" అన్న ధీమాతో ఎవరైనా కుర్రాడు కూలికి ఒప్పుకోకముందే, కనీసం ఈ ఒక్క ముక్కయినా సవరణగా వేయండి, అదీ కథనం వచ్చిన పేజీలోనే.

ఇట్లు,
ఒక వరి రైతు,
రాజోలు