చెట్టు పడినట్టా, పడనట్టా? ముందు మీలో మీరు తేల్చుకోండి

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి (ఇన్నాళ్ళలో ఆ పేరుతో ఒక్కరూ లైన్లోకి రాలేదు, అయినా ఉన్నారనే నమ్మకంతో రాస్తున్నానండి),

మాది రాజోలు దగ్గర పల్లెటూరు. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫాను నరసాపురం దగ్గర తీరం దాటినప్పుడు వశిష్ఠ గోదావరికి ఇవతల ఒడ్డున మా పరిస్థితి ఏంటో మీరు టీవీలో చూసే ఉంటారు. మా పెరట్లో నిద్రగన్నేరు వేళ్ళతో సహా లేచి మామిడి మీద ఒరిగింది, దాని మీదకి ఓ కొబ్బరి చెట్టు వాలింది. కింద పశువుల పాక, పక్కనే ఊరంతా నడిచే పుంత. చెట్టు గురించి ఇంతేనండి. మిగతాదంతా మీ గురించే.

చెట్లు తీసే మీ కంపెనీ నంబర్‌కి ఫోన్ చేస్తే పడిపోయిన చెట్టుకి ఒకటి నొక్కమంది, నిలబడ్డ చెట్టుకి రెండు నొక్కమంది. ఒకటి నొక్కాను. ఓ అమ్మాయి వచ్చి "సార్, చెట్టు నేలకి తగిలిందా?" అంది. లేదమ్మా, మామిడి మీద ఆగింది అన్నా. "అయితే పడినట్టు కాదు సార్, రెండు నొక్కండి" అంది. రెండు నొక్కితే ఇంకో కుర్రాడు "వేళ్ళు బయటికొచ్చాయా సార్? అయితే నిలబడ్డట్టు కాదు, అది మా సెక్షన్ కాదు" అన్నాడు. మళ్ళీ ఒకటి, మళ్ళీ రెండు, మధ్యలో "మీ కాల్ మాకు ఎంతో ముఖ్యం" అంటూ ఆ పాట, అది మా మనవడికి కూడా కంఠతా వచ్చేసింది. చివరికి ఓ సూపర్‌వైజర్ గారు దొరికి ఎంతో మర్యాదగా ఏమన్నారో తెలుసా అండి, "పూర్తిగా పడ్డాక కాల్ చేయండి సార్, వెంటనే మనిషిని పంపుతాం" అన్నారు. ఆయ్, అలాగేనండి, పాక మీద పడ్డాక గేదెతోనే చేయిస్తాను ఫోను.

ఇంకో మహానుభావుడు అయితే సలహా కూడా ఇచ్చాడు, కింద ఉన్న మామిడి కొట్టేస్తే పైది అదే పడుద్ది కదా అని! బాబూ, ఆ మామిడే ఇప్పుడు మొత్తం బరువు మోస్తోంది, దాన్ని కొట్టడానికి కింద నిలబడ్డవాడి మీదే అవన్నీ కూలతాయి. పోనీ ఒరిగిన మానునే మొదట్లో కోద్దామంటే బిగువు మీద ఉంది కాబట్టి రంపం పట్టేస్తుంది, తెగిన మొదలు ఎటు ఎగిరి తంతుందో తెలీదు, లేచిన వేళ్ళ దిమ్మ మళ్ళీ గోతిలోకి వాలిపోవచ్చు. పైనుంచి క్రేన్‌తో పట్టి, మోకులు కట్టి, ముక్కలు ముక్కలుగా దింపాలి. మా ఊరి దింపు అతనికి చెట్లెక్కడమే బతుకు, అతనే చూసి దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు. చెట్లు తీసే కంపెనీలో కూర్చున్న మీవాళ్ళకి ఇది నేను ఫోన్లో పాఠం చెప్పాలా?

వాట్సాప్‌లో ఫొటోలు పెట్టమన్నారు, పెట్టాను. "నమస్తే! మీకు ఎలా సహాయపడగలను?" అని వచ్చింది. మళ్ళీ పెట్టాను, మళ్ళీ నమస్తే. మర్యాదకేం లోటు లేదు లెండి. తర్వాత ఒకాయన బండి మీద వచ్చాడు, హమ్మయ్య అనుకున్నాం, గేటు బయటే నిలబడి ఫోన్లో రెండు ఫొటోలు తీసుకుని, క్రేన్ వేరే డిపార్ట్‌మెంట్ అండి అని కాఫీ తాగి వెళ్ళిపోయాడు. సాయంత్రానికి మెసేజ్: "మీ సమస్య పరిష్కరించబడింది, టికెట్ క్లోజ్ చేయబడింది, మా సేవకి ఎన్ని స్టార్లు ఇస్తారు?" అది చదువుతుంటే గాలికి ఆ చెట్టు కిర్రుమంటోంది. రాత్రిళ్ళు ఆ చప్పుడుకి ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు, పుంతకి అడ్డంగా తాడు కట్టి స్కూలు పిల్లల్ని అటు పోనివ్వకుండా మా ఆవిడ కాపలా.

96 నవంబరు తుఫానుకి కోనసీమలో కొబ్బరి తోటలు నేలమట్టమైనప్పుడు ఏ కంపెనీ లేదు, ఏ టికెట్టూ లేదు, ఊళ్ళోవాళ్ళే గొడ్డళ్ళు పట్టుకుని వచ్చారు. ఆ తర్వాత మీరొచ్చారు. మా నాన్నగారి హయాం నుంచి రంపం కొన్నా, బ్రష్ కట్టర్ కొన్నా మీ దగ్గరే. మా బంధువులందరికీ మీ నంబర్ ఇచ్చింది నేనే, ఇప్పుడు పెళ్ళిళ్ళలో వాళ్ళకి మొహం చూపించలేకపోతున్నా. ఈ పనికి అడ్వాన్స్ మాత్రం ఏ సెక్షనూ అడక్కుండా క్షణంలో లాక్కున్నారు కదండీ, అప్పుడు చెట్టు పడిందో నిలబడిందో ఎవరికీ డౌట్ రాలేదే.

క్రేనూ, పని తెలిసిన మనుషులూ వస్తారో, అడ్వాన్స్ వాపసు ఇస్తారో, క్షమాపణ చెప్తారో, అన్నీ కలిపి చేస్తారో మీ ఇష్టం, నాకు మాత్రం బతికున్న మనిషి ఒకరు ఫోన్ ఎత్తి "అవునండీ, తప్పు మాదే" అనాలి. లేదంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చేస్తాను, అక్కడ కనీసం ఎత్తుతారట. ఆపైన కన్స్యూమర్ కమిషన్. అయిదు లక్షల లోపు అయితే ఫీజు కూడా లేదు, లాయరూ అక్కర్లేదు, సేవాలోపం అంటే ఏంటో నేనే నిలబడి చెప్తాను. ఈలోగా ఆ చెట్టు ఎవరి మీదైనా పడితే ఆ టికెట్ క్లోజ్ చేసినవాళ్ళ పేరు కూడా ఫిర్యాదులో ఉంటుంది.

కాల్స్ అన్నీ రికార్డ్ చేస్తామని ప్రతిసారీ మీరే అంటారుగా, అవి మొదటి నుంచి విని అప్పుడు ఫోన్ చేయండి. ఒకటో రెండో నొక్కమని మాత్రం అనకండి.

ఇట్లు,
మీ లెక్కలో సమస్య తీరిపోయిన కస్టమర్