నయాగరా యాత్రలో సరస్సు ఒడ్డు కోటకూ చోటివ్వాలి

సంపాదకుల వారికి నమస్కారం.

అమెరికాలో స్థిరపడిన పిల్లల దగ్గరకు వచ్చే మన పెద్దలు నయాగరా జలపాతం చూడకుండా తిరిగి వెళ్లడం అరుదు. అక్కడి నుంచి కారులో సుమారు అరగంట దూరంలో, నయాగరా నది అంటారియో సరస్సులో కలిసే చోట ఉన్న ఫోర్ట్ నయాగరా స్టేట్ పార్కుకు వెళ్లేవారు మాత్రం, నేను చూసినంతలో, బహు తక్కువ.

ఆ పార్కులోని పాత కోటలో అన్నిటికన్నా ముందుది 1726లో ఫ్రెంచివారు మొదలుపెట్టిన రాతి భవనం. పైకి అది వర్తకుల బంగళాలా కనిపిస్తుంది. తమ నేల మీద కోట కడతామంటే అక్కడి ఆదివాసులైన ఇరాక్వా ప్రజలు ఒప్పుకోరని తెలిసి, వ్యాపారానికి ఒక ఇల్లు కట్టుకుంటున్నామని ఫ్రెంచివారు నమ్మబలికారు. లోపలికి వెళితే అసలు ఉద్దేశం బయటపడుతుంది. ముట్టడి వచ్చినా నీళ్ల కోసం గడప దాటనక్కరలేకుండా భవనంలోనే బావి ఉంది; పై అంతస్తు కిటికీలు గోడను దాటి ముందుకు పొడుచుకువచ్చి, గోడ దాకా చేరిన శత్రువును పైనుంచి కాల్చేందుకు వీలుగా ఉన్నాయి. వర్తకం పేరుతో వచ్చినవారు ఎలా పాతుకుపోతారో ఇంత స్పష్టంగా చూపే కట్టడాన్ని నేను మరెక్కడా చూడలేదు.

జలపాతం అడ్డు కావడంతో సరుకును పడవల్లోంచి దించి, నేల మీద మోసుకెళ్లి, మళ్లీ పడవలకెక్కించవలసి వచ్చేది కనుక, నది ముఖద్వారం ఎవరిదైతే జలపాతానికి ఎగువనున్న సరస్సుల వర్తకం వారి చేతిలో ఉండేది. అందుకే ఫ్రెంచివారితో సాగిన ఏడేళ్ల యుద్ధంలో, 1759 జులైలో, ఇంగ్లిషువారు పంతొమ్మిది రోజులు ముట్టడించి ఈ కోటను పట్టుకున్నారు. అదే యుద్ధంలో, అదే ఏడాది ఏప్రిల్‌లో, కల్నల్ ఫోర్డ్ మన బందరు కోటను ఫ్రెంచివారి నుంచి లాక్కున్న సంగతి తెలిసిన తెలుగువారికి ఈ గోడలు పరాయివిగా అనిపించవు. 1796లో అమెరికా చేతికి వచ్చిన ఈ కోటను 1813 డిసెంబరులో బ్రిటిష్ సేన రాత్రివేళ దాడి చేసి మళ్లీ గెలుచుకుని, 1815లో తిరిగి అప్పగించింది. అప్పుడు వారు పట్టుకుపోయిన జెండా నేడు సందర్శకుల కేంద్రంలోనే ఉంది.

కోటలోకి వేరుగా టికెట్టు తీసుకోవాలి. ఆకాశం నిర్మలంగా ఉంటే అవతలి ఒడ్డున టొరంటో భవనాలు కనిపిస్తాయి. మీ పర్యాటక పుటల్లో జలపాతం గురించి రాసేటప్పుడు ఈ కోటను కూడా పరిచయం చేయాలని, మనవారిని బృందాలుగా తీసుకెళ్లే నిర్వాహకులు దీనికి కనీసం ఒక పూట కేటాయించాలని మనవి.

భవదీయుడు,
ఒక పాఠకుడు