వీలునామాలో మ్యూజియానికీ ఒక పేరా

సంపాదకుడు గారికి,

నిరుడు సంక్రాంతికి మా ఊరు వెళితే, పిన్ని వాళ్ల అరుగు మీద పాత సామాన్ల వాడి కాటా కనబడింది. బాబాయి పోయి అప్పటికి నాలుగు నెలలు. ఇత్తడి తవ్వ, సోల, గిద్ద అన్నీ తూకానికి ఎక్కాయి. పక్కనే గోనెసంచిలో ఒక తాటాకు కట్ట, రెండు చెక్క పలకల మధ్య దారంతో బిగించి ఉంది. పై ఆకు తిప్పితే గంటంతో చెక్కిన ఆవగింజంత అక్షరాలు. "ఇవన్నీ మ్యూజియానికి ఇచ్చేయాలిరా" అని బాబాయి ఎన్నిసార్లు అన్నాడో! కాగితం మీద మాత్రం పెట్టలేదు. పిల్లలను తప్పుపట్టలేను. ఎవరికివ్వాలో, ఎలా ఇవ్వాలో వాళ్లకు చెప్పిందెవరు? కట్టను నేను తెచ్చుకున్నాను. కొలపాత్రలు వాడి బండి ఎక్కేశాయి.

హైదరాబాద్ దివాన్‌గా పనిచేసి, వేలకొద్దీ కళాఖండాలు సేకరించిన మూడో సాలార్‌జంగ్ 1949లో సంతానం లేకుండా చనిపోయారు. ప్రభుత్వం పూనుకోబట్టి, బంధువులు ఒప్పుకోబట్టి ఆ సేకరణ చెదిరిపోలేదు. 1951 డిసెంబర్ 16న ఆయన నివాసమైన దివాన్ దేవిడిలో నెహ్రూ సాలార్‌జంగ్ మ్యూజియాన్ని ప్రారంభించారు. 1961లో దానికోసం పార్లమెంటు చట్టమే చేసింది. అక్కడి ‘ముసుగు రెబెక్కా’ పాలరాతి శిల్పాన్ని మనం ఇవాళ చూడగలుగుతున్నామంటే అందుకే. అంత పెద్ద దివాన్ల ఇంటి కోసం ప్రభుత్వం కదిలింది. మా పిన్ని ఇంటి కోసం ఎవరు కదులుతారు?

నిజానికి వీలునామా రాయడం పెద్ద పనేం కాదు. స్టాంపు కాగితం అక్కర్లేదు. ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం చేసి, వాళ్ల చేత కూడా సంతకం చేయిస్తే చాలు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గానీ, చేయిస్తే తర్వాత గొడవలు తగ్గుతాయి. బతికున్నంతకాలం మార్చుకోవచ్చు కూడా. చిక్కంతా అవతలి వైపు ఉంది. మ్యూజియం ముందే ఒప్పుకోకపోతే ఆ పేరా వృథా. వస్తువు ఏ ఊరిది, ఎవరు వాడారు అన్న వివరం రాసి జతచేయకపోతే అది ఉత్త ఇత్తడే. వీలైతే భద్రపరిచే ఖర్చుకూ కొంత డబ్బు రాయాలి.

అందుకే రెండు రాష్ట్రాల పురావస్తు శాఖలకు నా విన్నపం. ప్రతి మ్యూజియం గుమ్మం దగ్గర తెలుగులో ఒక బోర్డు పెట్టండి. ఏ వస్తువులు తీసుకుంటారు, ఎవరిని కలవాలి, వీలునామాలో మ్యూజియం పేరు ఎలా రాయాలి, ఈ మూడూ ఉంటే చాలు. జవాబు చెప్పడానికి ఒక ఉద్యోగిని కేటాయించండి.

తాటాకు కట్ట ఇప్పుడు మా బీరువాలో ఉంది. నా వీలునామాలో దానికో పేరా రాసుకున్నాను. రెండు మ్యూజియాలకు ఉత్తరాలు రాసి మూడు నెలలైంది, జవాబు రాలేదు. పేరు రాయాల్సిన చోటు ఇంకా ఖాళీగానే ఉంది.

- ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, తూర్పుగోదావరి జిల్లా