సిలబస్ మార్చేముందు ఒక ఏడాది నడిపి చూడండి: విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారాలు.

2020 జాతీయ విద్యావిధానం తర్వాత, పాఠ్యపుస్తకాలు తయారుచేసే కేంద్ర సంస్థ అయిన ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు వరుసగా మారుతున్నాయి. 2023లో ఒకటి, రెండు తరగతులకు, 2024లో మూడు, ఆరు తరగతులకు, 2025లో నాలుగు, ఐదు, ఏడు, ఎనిమిది తరగతులకు కొత్తవి వచ్చాయి. మన హైస్కూళ్లు ఎన్‌సీఈఆర్‌టీ పాఠాలే చెబుతున్నాయి కాబట్టి, వాటిని ఎప్పుడు, ఎలా తీసుకోవాలన్న ప్రశ్న మీ ముందుకు వస్తుంది. పాఠ్యప్రణాళిక, పాఠ్యపుస్తకాల పనిలో ఉన్నవాళ్లుగా మా విన్నపం ఒక్కటే. ఏ తరగతి పుస్తకాన్నైనా రాష్ట్రమంతా పంచేముందు కొన్ని బడుల్లో ఒక పూర్తి విద్యాసంవత్సరం నడిపి చూడండి. ఆ ఫలితాలు ప్రజల ముందు పెట్టాకే జీఓ ఇవ్వండి.

ఈ మాట ఎందుకు అంటున్నామో వెయ్యి ప్రభుత్వ బడుల సీబీఎస్‌ఈ అనుభవం చెబుతుంది. 2022-23లో ఈ బడులు రాష్ట్ర బోర్డు నుంచి కేంద్ర బోర్డు అయిన సీబీఎస్‌ఈ కిందికి వచ్చాయి. తొలి బ్యాచ్ పదో తరగతికి చేరిన 2024-25లో, సెప్టెంబరులో, ఆ 75 వేల మందికి పైగా పిల్లలు రాష్ట్ర బోర్డు పరీక్షే రాయాలని నిర్ణయం మారింది. వాళ్ల సన్నద్ధత చూస్తే వెనక్కి తీసుకోవడం తప్పనిసరి అయి ఉండొచ్చు. కానీ ఆ సన్నద్ధతను కొలవాల్సింది పదో తరగతిలో కాదు. వీళ్లు ఆరో తరగతికి రావాల్సిన 2020లో కోవిడ్‌తో బడులు నెలల తరబడి మూతపడ్డాయి. ఇంగ్లిషు మాధ్యమం, ద్విభాషా పుస్తకాలు వచ్చిందీ ఆ రోజుల్లోనే. ఆపైన బోర్డు కూడా మారింది. మూడు మార్పులూ ఒకే పిల్లల నెత్తిన పడ్డాయి. 2022లో బడులు తెరవగానే ఒక్క ప్రారంభ పరీక్ష పెట్టి చూసినా ఈ సంగతి అప్పుడే తేలేది.

మొదట చేయాల్సింది పోలిక పట్టిక. పాత, కొత్త పుస్తకాలు పక్కపక్కన పెట్టుకుని, ఏ భావన ఏ తరగతిలో మొదలై ఎక్కడ ముగుస్తుందో వరసకు ఒకటిగా రాయాలి. చెప్పడానికి తేలికే గాని, ఒక్కో సబ్జెక్టుకు ఆరు నుంచి పది తరగతుల దాకా ఇది చేయాలంటే అనుభవమున్న స్కూల్ అసిస్టెంట్లు (హైస్కూలు సబ్జెక్టు టీచర్లు) ఐదారుగురు కొన్ని వారాలు కూర్చోవాలి. మన పాత పదో తరగతి గణితంలో సమితులు ఉండేవి, ఎన్‌సీఈఆర్‌టీలో అవి పదకొండుకు వస్తాయి. ఇలాంటివి పైతరగతికి జరిగితే నష్టం తక్కువ. కిందికి జరిగినవే ప్రమాదం. కొత్త ఏడో తరగతి పుస్తకం ఆరులోనే నేర్చేసి ఉంటారనుకునే అంశాన్ని మన పిల్లలు ఆరులో చూసే ఉండరు. అలాంటి ప్రతి ఖాళీకీ వారధి పాఠం రాసి, దానికి పీరియడ్లు కేటాయించాలి. ఇది వదిలేస్తే ఉపాధ్యాయుడు మొదటి రెండు నెలలూ పాత పాఠాలకే పెట్టుకుంటాడు, కొత్త పుస్తకంలో చివరి పాఠాలు మిగిలిపోతాయి.

పీరియడ్ల లెక్క కూడా కాగితం మీదే తేల్చాలి. విద్యాహక్కు చట్టం ఆరు నుంచి ఎనిమిది తరగతులకు 220 పని దినాలు అంటుంది. పరీక్షలు, ఉత్సవాలు, ఉపాధ్యాయుల ఇతర విధులు పోను మిగిలేవి ఎన్ని? పదో తరగతిలో ఇంకా ఇరుకు. డిసెంబరుకల్లా సిలబస్ ముగించి పునశ్చరణ మొదలుపెట్టడం మన ఆనవాయితీ. జూన్ 12న బడి తెరిస్తే, రోజుకొక పీరియడ్ చొప్పున గణితానికి 120 పీరియడ్లు దొరికాయనుకున్నా, 14 అధ్యాయాలకు సగటున ఎనిమిదిన్నర. త్రికోణమితికి అవి చాలవని ఏ గణితం మాస్టారిని అడిగినా చెబుతారు.

ఇక ప్రయోగ బడులు. జిల్లాకు నాలుగు చాలు. ఒకటి పట్టణంలో, ఒకటి మండల కేంద్రంలో, ఒకటి సబ్జెక్టు టీచరు పోస్టు ఖాళీగా ఉన్న పల్లెలో, ఒకటి గిరిజన ప్రాంతం ఉన్న చోట అక్కడ, లేకపోతే గురుకులంలో. బాగా నడిచే బడులనే ఏరుకుంటే ఫలితం ముందే రాసి పెట్టుకున్నట్టు. వాటికి సరితూగే మరో నాలుగింటిలో పాత పుస్తకమే నడవాలి, పోల్చడానికి. రెండు గుంపులకూ ఉమ్మడిగా ఉన్న భావనల మీద జూన్‌లో, నవంబరులో, మార్చిలో ఒకే ప్రశ్నపత్రం ఇవ్వాలి. ఉపాధ్యాయులు పాఠానికొక అర పేజీ నివేదిక రాస్తే చాలు: ఎన్ని పీరియడ్లు పట్టింది, పిల్లలు ఏ పేజీలో ఆగిపోయారు, ఏ కృత్యానికి సామగ్రి దొరకలేదు. దీన్ని ఆన్‌లైన్ ఫారంగా మార్చి రోజూ నింపమనకండి, అప్పుడు అందులో నిజం ఉండదు.

అన్నిటికన్నా ముఖ్యం, ఏ ఫలితం వస్తే ముందుకు వెళ్లం అన్నది మొదలుపెట్టక ముందే రాసి ప్రకటించడం. అమెరికాలో చాలా స్కూల్ డిస్ట్రిక్టుల్లో (ఒక ప్రాంతం బడులన్నీ ఒకే స్థానిక బోర్డు కింద ఉండే ఏర్పాటు) ఉపాధ్యాయుల కమిటీతో రెండు మూడు పుస్తకాలను ఒకే కొలమానంతో మార్కులు వేయించి, కొన్ని తరగతుల్లో వాడి చూసి, ప్రజలకు చూపించాక బోర్డు బహిరంగ సమావేశంలో ఓటు వేస్తుంది. అంత వ్యవస్థ ఉన్న దేశంలోనూ శాన్ ఫ్రాన్సిస్కో 2014లో ఎనిమిదో తరగతి నుంచి ఆల్జీబ్రా తీసేసి, మళ్లీ తేవాలని బోర్డు ఓటు వేసేసరికి 2024 వచ్చింది. ఆగాల్సిన గీత ముందే గీసుకోకపోతే తిరిగి రావడానికి ఇన్నేళ్లు పడుతుంది.

పరీక్ష సంగతి పుస్తకంతోపాటే తేలాలి. సీబీఎస్‌ఈ పదో తరగతి పత్రంలో 2024-25 నాటికి సగం మార్కులు సామర్థ్య ఆధారిత ప్రశ్నలకే, అంటే నేర్చుకున్నదాన్ని కొత్త సందర్భంలో వాడి చూపించమనే ప్రశ్నలకే. పాఠం చివరి ప్రశ్నలకు జవాబులు రాయడం అలవాటైన పిల్లలకు ఆ రకం ప్రశ్నలు ఎనిమిదో తరగతి నుంచే పరిచయం కావాలి. బ్లూప్రింటు (ఏ పాఠానికి, ఏ రకం ప్రశ్నకు ఎన్ని మార్కులో చెప్పే పట్టిక), నమూనా పత్రాలు పుస్తకంతో కలిపి జూన్‌లోనే ఇవ్వండి.

శిక్షణ రాష్ట్రం నుంచి జిల్లాకు, జిల్లా నుంచి మండలానికి దిగేసరికి పలచబడుతుంది. వేసవిలో ఐదు రోజుల ఉపన్యాసాలకు బదులు, వచ్చే నెల చెప్పబోయే పాఠాలనే ముందు నెల కాంప్లెక్స్ సమావేశంలో (చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే చోట) చెప్పి చూపించడం మేలు. ముద్రణకు వెళ్లేముందు చివరి ప్రూఫ్ చూసే బాధ్యత ఒకరి సంతకం కింద ఉండాలి. 2024 జూన్‌లో తెలంగాణలో ముందుమాటలో పాత ముఖ్యమంత్రి పేరు ఉండిపోయి, పంచిన తెలుగు పుస్తకాలను వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది.

విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ పాఠ్యప్రణాళికను అకడమిక్ అథారిటీ చేతిలో పెట్టింది. మన దగ్గర అది రాష్ట్ర విద్యా పరిశోధన, శిక్షణ మండలి అయిన ఎస్‌సీఈఆర్‌టీ. దాన్ని మూడు పనులు అడగండి: పోలిక పట్టికలను వెబ్‌సైట్లో పెట్టడం, వాటిపై బడి యాజమాన్య కమిటీలు, ఉపాధ్యాయులు అభిప్రాయం చెప్పడానికి ముప్పై రోజులు ఇవ్వడం, ప్రయోగ బడుల జాబితాను ఏప్రిల్‌లోపు ప్రకటించడం. ఆ బడుల ఫలితాలు ప్రజల ముందుకు వచ్చేదాకా, మిగతా బడుల్లో ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల్లో ఇప్పుడున్న పుస్తకాలనే కొనసాగించాలని కోరుతున్నాం.

భవదీయులు,
పాఠ్యపుస్తక రచన, ఉపాధ్యాయ శిక్షణ రంగాల్లో పనిచేస్తున్న కొందరు